పెద్దమనిషి ఇల్లు మారిన రోజు

ఆ గురువారం పొద్దున్న బుల్లి పళ్లు తోముకుంటూ పెరట్లోకి వెళ్లేసరికి చేపల కుంటలో నీళ్లు జానెడు తగ్గి ఉన్నాయి. ముందురోజు బెత్తెడు తగ్గితే ఎండకి ఇగిరాయనుకుంది. ఇవాళ మబ్బుగా ఉంది. వంగి చూస్తే సిమెంటు గోడ మీద వెంట్రుకంత బీట పైనుంచి అడుగుదాకా దిగి కనిపించింది. పక్క స్థలంలో నాలుగు రోజులుగా పునాదులు తవ్వుతున్నారు. యంత్రం అదురుకి వంటింట్లో గిన్నెలే కదులుతుంటే పాత సిమెంటు ఏం ఆగుతుంది?

పెద్దమనిషి నీటి పైకొచ్చి, నోరు తెరుస్తూ మూస్తూ ఉన్నాడు.

పెద్దమనిషంటే గోల్డ్‌ఫిష్. మూరెడు పొడవు, ఇరవై మూడేళ్ల వయసు. ఒకప్పుడు నారింజ రంగులో ఉండేవాడు, ఇప్పుడు తోకా వీపూ తెల్లబడ్డాయి. ఎడమ కంటికి పొర కమ్మింది. చేపని ‘అది’ అంటే బుల్లి వాళ్ల అన్నయ్య ఒప్పుకునేవాడు కాదు. కుళాయిలు, పైపులు బిగించే పని ఆయనది. అద్దె ఇల్లయినా సరే, ఓనరుని బతిమాలి, సెలవు రోజుల్లో తనే తవ్వి, తనే సిమెంటు పూసి ఆ కుంట కట్టాడు. ఆయన పోయి రెండేళ్లయింది. ఆ ఇంట్లో ఇప్పుడు ఇద్దరే ఆడవాళ్లు. ఆసుపత్రి లాండ్రీలో సూపర్‌వైజరుగా పనిచేసే వదిన, కళ్లజోళ్ల దుకాణంలో అద్దాలు అరగదీసే బుల్లి. యాభై ఒకటి నిండినా ఆమె అందరికీ బుల్లే.

ఇల్లు అమ్ముడైపోయింది. శనివారానికి ఖాళీ చెయ్యాలి. ఆ సాయంత్రమే కుంట పూడుస్తారు.

బుల్లి రాత్రి పట్టి ఉంచిన రెండు బక్కెట్ల నీళ్లూ కుంటలో పోసింది. అవి ఏ మూలకీ చాలలేదు. లోపలికి పరుగెత్తింది. హాల్లో మూటలు వరసగా కట్టి ఉన్నాయి, అన్నీ వదినవే. వదిన యూనిఫాం వేసుకుని జడ బిగిస్తోంది.

“వదినా, కుంట పగిలింది. నీళ్లు నిలవడంలేదు.”

“ఎంత తగ్గాయి?”

“జానెడు. సాయంత్రానికి అడుగు కనబడుతుంది. ఆయన అప్పుడే పైకొచ్చి ఆయాసపడుతున్నాడు.”

వదిన పిన్ను నోట్లో పట్టుకునే, “నిన్ననే చెప్పాగా. ఆసుపత్రి ముందు ఫౌంటెన్ ఉంది. వాచ్‌మన్‌తో మాట్లాడాను, వదిలెయ్యమన్నాడు,” అంది.

“దాంట్లో వారం వారం బ్లీచింగ్ పోస్తారు.”

“మరేం చెయ్యమంటావ్? మూడో అంతస్తులో ఒంటిగది. బాత్రూంలో బక్కెట్ పెట్టుకుని పెంచనా?”

బుల్లి కళ్లు హాల్లోని మూటల మీద పడ్డాయి. పది రోజుల కిందట వదిన, “ఆసుపత్రి వెనక నేనో గది చూసుకున్నాను,” అని చెప్పింది. ‘నేను’ అంది. ‘మనం’ అనలేదు. ఆ ఒక్క మాట అప్పట్నుంచీ గొంతులో చేపముల్లులా ఉండిపోయింది. మర్నాడే ఆడవాళ్ల హాస్టల్‌కి వెళ్లి అడిగింది. నలభై ఐదు దాటినవాళ్లని చేర్చుకోం అన్నారు. ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు.

ఆమె దుకాణానికి సెలవు పెట్టి ఫోన్ అందుకుంది. అక్వేరియం షాపువాడు వయసు విని నవ్వాడు. “ముసలి చేపని ఎవరు కొంటారమ్మా? గాజుతొట్టిలో తిరగడానిక్కూడా చోటుండదు.” పార్కు తోటమాలి, బయటి చేపలు వదలకూడదని బోర్డే ఉందన్నాడు. వదిలినా కొంగలు ఒక్కపూట ఉంచవన్నాడు. కళ్లజోళ్ల దుకాణం యజమాని మాత్రం, “పులుసుకి పనికిరాదా?” అని జోకేశాడు. బుల్లి ఫోన్ పెట్టేసి కిటికీ ఊచలు పట్టుకుని నిలబడిపోయింది.

చెప్పుల్లో కాళ్లు పెడుతూ వదిన, “చేప కోసం ఇంత ఏడుపేంటి బుల్లీ? ఇంట్లో సగం సామాన్లు ఇంకా సర్దనేలేదు,” అంది.

అంతే. రెండేళ్లుగా బిగబట్టింది తెగింది.

“నీకేం, సర్దడం బాగా వచ్చు. అన్నయ్య చొక్కాలు పదకొండోరోజు కల్లా మూటగట్టి ఇచ్చేశావు. ఆయన పనిముట్ల పెట్టె ఇచ్చేశావు. కళ్లజోడు నా చేత్తో చేసి ఇచ్చింది, అదీ లేదు. మిగిలింది చేప. దాన్ని బ్లీచింగులో పడేస్తే నీ పని పూర్తవుతుంది.”

“నోరు జారకు!”

“జారితే ఏం చేస్తావ్? నువ్వు ఎలాగూ వెళ్లిపోతున్నావు. చేపకైనా ఫౌంటెన్ చూశావు, నాకేం చూశావు? ముప్ఫై ఏళ్లు ఒకే కంచంలో తిన్నట్టు బతికాం. శనివారం సాయంత్రం నేనెక్కడికి పోవాలో ఒక్కసారైనా అడిగావా?”

వదిన మొహం సున్నం కొట్టినట్టయింది. తలుపు తీసుకుని వెళ్లిపోయింది. పిన్ను నేల మీద పడి ఉంది.

పదకొండింటికి నీళ్లు మోకాలి కిందికి దిగాయి. బుల్లి బీటలో గుడ్డలు కుక్కింది, సబ్బు ముద్ద నొక్కింది, మైనం కరిగించి పోసింది. ఏదీ పట్టలేదు. కుళాయి నీళ్లు తిన్నగా పోస్తే దాంట్లోని మందుకి చేప మొప్పలు మాడిపోతాయని అన్నయ్య వందసార్లు చెప్పేవాడు. ఇంట్లో ఉన్న ప్రతి గిన్నెలో, ప్రతి బిందెలో నీళ్లు పట్టి ఆరుబయట పెట్టింది. అవి తేరుకునేదాకా ఈయన ఆగాలిగా! పన్నెండున్నరకి పెద్దమనిషి ఒక పక్కకి ఒరిగాడు. ఆమె చీర కుచ్చిళ్లు దోపుకుని బురదలోకి దిగి, రెండు అరచేతుల మధ్య ఆయన్ని నిలబెట్టి పట్టుకుంది. అరచేతుల్లో మొప్పలు అతి నెమ్మదిగా ఆడుతున్నాయి.

“ఆగు నాయనా, కాసేపు ఆగు,” అంటూనే ఉంది. ఎవరికోసం ఆగాలో ఆమెకే తెలియదు.

అప్పుడే ఇంటి ముందు లాండ్రీ వ్యాన్ ఆగింది. దుప్పట్లు నానబెట్టే పెద్ద ప్లాస్టిక్ తొట్టిని ఒకవైపు డ్రైవరు, ఒకవైపు వదిన పట్టుకుని పెరట్లోకి తెచ్చారు. వదిన యూనిఫాం చెమటతో ఒంటికి అంటుకుపోయింది, చెప్పు తెగి చేతిలో ఉంది.

బుల్లి కుంటలోంచే అరిచింది. “ఫౌంటెన్‌కి ఇవ్వను. నా చేతుల్లోనే పోనీ, ఇవ్వను!”

“ఫౌంటెన్ కాదే పిచ్చిదానా. మీ అన్నయ్య ఒకసారి ఎవరో డ్రాయింగు టీచరమ్మ ఇంట్లో అచ్చం ఇలాంటి కుంటే కట్టానన్నాడు, గుర్తుందా? రైల్వే గేటు అవతల అన్నాడు. ఆ వీధుల్లో తలుపు తలుపూ తట్టాను. పంతొమ్మిదో ఇల్లు. ఉంది. కుంట ఉంది, చేపలున్నాయి, ఆవిడా ఉంది. తెమ్మంది. ముందు ఈ కుంట నీళ్లే తొట్టిలో పొయ్యి, కొత్తనీళ్లు పడవు ఆయనకి.”

బుల్లి ఒక చేత్తో పెద్దమనిషిని పట్టుకుంది. ఇంకో చేత్తో బురద నీళ్లు చెంబుతో తోడి తొట్టిలో పోసింది.

వ్యాన్ వెనక మురికి దుప్పట్ల మూటల మధ్య ఇద్దరూ తొట్టికి చెరోవైపు కూర్చున్నారు. బుల్లి రెండు చేతులూ నీళ్లలో పెట్టి పెద్దమనిషిని నిటారుగా పట్టుకుంది. వదిన మగ్గుతో నీళ్లు తోడి ఎత్తునుంచి పోస్తోంది. అలా పోస్తే నీళ్లలోకి గాలి చేరుతుందని టీచరమ్మ చెప్పిందట. వ్యాన్ గతుకుల్లో పడ్డప్పుడల్లా సగం నీళ్లు వాళ్ల ఒళ్లోకే వస్తున్నాయి.

“ఆడుతున్నాయా మొప్పలు?”

“ఆడుతున్నాయి. కొంచెం.”

మగ్గు లేచింది, దిగింది. పది సార్లు, ఇరవై సార్లు. తర్వాత వదిన తలెత్తకుండానే మాట్లాడింది.

“ఆ పొద్దున్న నేనేమన్నానో నువ్వు విన్నావు కదూ.”

బుల్లికి ఏ పొద్దున్నో చెప్పక్కర్లేదు. “విన్నాను.”

“‘ఆ చేపతోనే కాపురం చేసుకో, నన్నెందుకు కట్టుకున్నావు’ అన్నాను. డ్యూటీకి ఆలస్యమైందని చిరాకు. మీ అన్నయ్య నవ్వి పెరట్లోకి వెళ్లాడు. మళ్లీ లోపలికి రాలేదు. నేను ఆయనతో అన్న ఆఖరి మాట అది. ఆయన చొక్కా కనబడితే ఆ మాటే వినబడుతుంది. కళ్లజోడు చూస్తే వినబడుతుంది. అందుకే ఏదీ ఉంచలేదు. నువ్వు విన్నావని నాకు తెలుసు. అప్పట్నుంచీ నాతో నాలుగు మాటలు మాట్లాడలేదు నువ్వు. నా మొహం చూడ్డం ఇష్టంలేదేమో, నేనే తప్పుకుంటే నీకు హాయిగా ఉంటుందేమో అనుకున్నాను. అందుకే ఒక్కదాన్నే గది చూసుకున్నాను.”

నీళ్లలో బుల్లి పట్టు సడలింది. పెద్దమనిషి ఒరగబోతే గబుక్కున సర్దుకుంది.

“నిన్ను చూడలేక కాదు వదినా. నన్ను నువ్వు చూస్తావని.”

“అంటే?”

“ఆ రోజు నేను కిటికీలోంచి అన్నయ్యని చూశాను. కుంట గట్టుమీద వంగి కూర్చున్నాడు, తల మోకాళ్ల మీద పెట్టుకుని. నీ మాటకి అలిగాడనుకున్నాను, గుండెపోటని తెలియలేదు. కాఫీ తాగాను. పావుగంట, వదినా. పావుగంట నేను కాఫీ తాగుతూ చూస్తూ కూర్చున్నాను. లేచి ఒక్కసారి వెళ్లుంటే... డాక్టరు ఏమన్నాడో గుర్తుందా, కాస్త ముందు తెచ్చుంటే అన్నాడు. నీకెలా చెప్పను? చెప్పి అదే ఇంట్లో ఎలా ఉండను?”

మగ్గు ఆగిపోయింది. వదిన ఆమె మొహంలోకి చూసింది. రెండేళ్లలో అలా చూడ్డం అదే మొదటిసారి. బుల్లి కళ్లు మూసుకుంది. తిడుతుందనుకుంది, వ్యాన్ ఆపమంటుందనుకుంది.

తడిచేయి ఒకటి వచ్చి ఆమె చెంప మీద పడింది, అక్కడే ఆగింది.

“ఇంత బరువు ఒక్కదానివే మోశావుటే?” అంది వదిన. “నేనొకవైపూ నువ్వొకవైపూ. ఒకే ఇంట్లో. అయ్యో, ఎంత పిచ్చివాళ్లమే మనం.”

ఇద్దరూ తొట్టి మీదికి వంగి బావురుమన్నారు. ముందు సీట్లోంచి డ్రైవరు కంగారుగా, “అక్కా, చచ్చిపోయిందా?” అని కేకేశాడు.

“లేదయ్యా! నువ్వు పోనీ!” అని ఇద్దరూ ఒకేసారి అరిచారు. వదిన ముక్కు తుడుచుకుని మళ్లీ మగ్గు అందుకుంది.

డ్రాయింగు టీచరమ్మ గేటు తీసుకుని సిద్ధంగా ఉంది. సన్నగా, పొట్టిగా, వేళ్ల నిండా రంగు మరకలతో ఉన్న డెబ్బై ఏళ్ల మనిషి. తొట్టిలోకి చూసి, “వయసెంత?” అంది.

“ఇరవై మూడు,” అంది బుల్లి.

“నాయనోయ్! మా వీధిలో సగంమంది కంటే పెద్దవాడు.” వెంటనే గొంతు మార్చింది. “తొందరపడకండి. ఒక్కసారిగా దింపితే తట్టుకోలేడు. తొట్టిని నీళ్లలో తేలనివ్వండి, కుంటనీళ్లు గ్లాసు గ్లాసుగా కలుపుతూ ఉండండి.”

అరగంట పట్టింది. బుల్లి లోపల్లోపల గ్లాసులు లెక్కపెడుతూ మాటిమాటికీ లెక్క తప్పుతోంది. తొట్టి వంచినప్పుడు పెద్దమనిషి ఆమె చేతుల్లోంచి రాయిలా జారి అడుక్కి దిగిపోయాడు. పక్కకి ఒరిగి, కదలకుండా పడి ఉన్నాడు. చిన్న చేపలు నాలుగు దగ్గరికొచ్చి, చుట్టూ తిరిగి వెళ్లిపోయాయి. వదిన బుల్లి మోచెయ్యి గట్టిగా పట్టుకుంది. గోళ్లు దిగుతున్నా బుల్లి విడిపించుకోలేదు.

“ఆలస్యమైందా?” అని గొణిగింది వదిన. “ఇక్కడా ఆలస్యమే చేశామా?”

చాలాసేపటికి తెల్లతోక ఒకసారి కదిలింది. మళ్లీ కదిలింది. పెద్దమనిషి మెల్లగా నిటారుగా లేచి, అడుగునే ఈదుకుంటూ, ఆకుల కింద చీకటిలోకి వెళ్లిపోయాడు. వీళ్లవైపు చూడను కూడా లేదు.

“బతుకుతాడంటారా?” అంది బుల్లి.

“వారం గడిస్తే చెప్పగలను,” అంది టీచరమ్మ. “ఎప్పుడైనా వచ్చి చూసుకోండి. గేటుకి తాళం వెయ్యను.”

వ్యాన్ దగ్గరికొచ్చేసరికి ఇద్దరి బట్టలూ బురదతో గట్టిపడ్డాయి. బుల్లి ఒళ్లంతా చేపవాసన. వదిన ముందు సీటు ఎక్కి, పక్కకి జరిగి, ఆమెకి చోటిచ్చింది.

“ఆ గది వద్దని ఫోన్ చేసి చెప్పేస్తాను. ఒక్కరికే చాలుతుంది.”

“ఎల్లుండికి ఖాళీ చెయ్యాలి వదినా. ఇంకో ఇల్లెక్కడ దొరుకుతుంది?”

“దొరక్కపోతే ఇద్దరం కలిసే రోడ్డున పడదాం. నాకు గురకొస్తుంది, ముందే చెబుతున్నాను.”

“ముప్ఫై ఏళ్లుగా గోడవతలనుంచి వింటూనే ఉన్నాను,” అంది బుల్లి. ఏడుస్తోందో నవ్వుతోందో ఆమెకే తెలియలేదు.

డ్రైవరు ఇంజన్ స్టార్ట్ చేశాడు. “ఆసుపత్రికేనా అక్కా?”

వదిన బుల్లి చేతిని తన ఒళ్లోకి తీసుకుంది.

“కాదు,” అంది. “నెమ్మదిగా పోనీ. టులెట్ బోర్డు ఎక్కడ కనబడితే అక్కడ ఆపు.”