మర్యాదల పీరియడ్‌కి వచ్చిన గెస్టు

"సార్! తలుపు కొట్టి రావాలి సార్!"

ఒకటో తరగతి పిల్లలంతా ఒక్కసారిగా అరిచేసరికి, గబగబా లోపలికి వచ్చేసిన కొత్త డ్రాయింగ్ మాస్టారు ఠక్కున ఆగిపోయాడు.

"ఎమర్జెన్సీ అండీ, చాక్‌పీసులు అయిపోయాయి," అన్నాడు టీచర్‌తో.

"ఎమర్జెన్సీకైనా తలుపు ఉంటుంది కదండీ. బయటికెళ్ళి మళ్ళీ రండి," అంది టీచర్, నవ్వు బిగబట్టుకుని.

పాపం, వెళ్ళాడు. తలుపు కొట్టి, "మే ఐ కమిన్ టీచర్?" అన్నాడు. "నో!" అన్నాడు ముందు బెంచీ బుడ్డోడు. క్లాసంతా గొల్లుమంది. అతగాడు ఆ రోజే ప్రేమలో పడ్డాడు. ఆమె కూడా పడింది గానీ, పైకి చెప్తే ఒట్టు!

వారానికోసారి ఆ క్లాసులో మర్యాదల పీరియడ్ ఉంటుంది. చిన్న బల్ల, ప్లాస్టిక్ కప్పులు. ఇంటికి గెస్టు వస్తే ఎలా పలకరించాలి, ఎక్కడ కూర్చోబెట్టాలి, ఏమని అడగాలి, అన్నీ ఆడించి నేర్పుతుంది టీచర్. ఇక గెస్టు వేషం డ్రాయింగ్ మాస్టారికి పర్మనెంటయిపోయింది.

"అబ్బ, టీ అదిరింది! మీ టీచర్ చేతి మహిమ," అనేవాడు ఖాళీ కప్పు జుర్రుతూ.

"అందులో ఏం లేదు సార్!" అని పిల్లలు పకపకా నవ్వేవారు. ఆమె బోర్డు వైపు తిరిగి ముసిముసిగా నవ్వుకునేది.

ఒక సాయంత్రం వాన పట్టుకుంటే ఇద్దరూ వరండాలో నిలబడిపోయారు.

"ఈ ఖాళీ కప్పులతో ఎన్నాళ్ళండీ? మీ ఇంటికొచ్చి మీ అమ్మగారితో మాట్లాడతాను, మన పెళ్ళి గురించి."

ఆమె ముఖంలో నవ్వు ఆరిపోయింది. "వద్దండీ. మా ఇంటికి ఎవరూ రావద్దు."

"నేను నచ్చలేదా?"

"ఎలా అనుకుంటే అలాగే అనుకోండి," అని వానలోనే వెళ్ళిపోయింది.

నచ్చలేదనే అనుకున్నాడు. స్కూలు వాళ్ళని ఇంకో బ్రాంచికి మార్చమని అడిగేశాడు.

అసలు సంగతి వేరు. ఆమెకి చేతులు జోడించి నమస్కారం పెట్టడం నేర్పిన అమ్మే ఇప్పుడు మతి తప్పి, గుమ్మంలోకి వచ్చినవాళ్ళనల్లా నోటికొచ్చినట్టు తిడుతోంది. కన్నకూతుర్ని కూడా పోల్చుకోదు. ఆ మధ్య ఒక సంబంధం వాళ్ళొస్తే నెత్తిన నీళ్ళు గుమ్మరించింది. వాళ్ళు వీధంతా నవ్వుకుంటూ పోయారు. తన పెళ్ళి పోతే పోయింది, అమ్మ మాత్రం మళ్ళీ నవ్వులపాలు కాకూడదని టీచర్ ఆ రోజే గట్టిగా అనుకుంది. అలా అనుకున్నాక, మాస్టారి కోసం ఎంత ఏడ్చినా లోపలే ఏడ్చింది.

అతను వెళ్ళిపోయే ముందు చివరి మర్యాదల పీరియడ్. రానంటున్నా పిల్లలు చేయి పట్టి లాక్కొచ్చారు. గెస్టు కూర్చున్నాడో లేదో, తలుపు ధడేల్మంది.

గుమ్మంలో అమ్మ! జుట్టు విరబోసుకుని, ఒక కాలికే చెప్పుతో, పగలు కాపలా ఉండే పక్కింటి పిన్ని కళ్ళుగప్పి వచ్చేసింది.

"ఎవర్రా మీరంతా? నా ఇంట్లో దూరారేం? దొంగవెధవల్లారా!"

టీచర్‌కి తల కొట్టేసినట్టయింది. "అమ్మా..." అంటూ గుమ్మం వైపు అడుగేసింది. మాస్టారు ఆమె వంక చూశాడు. అంతా అర్థమైపోయింది.

పిల్లలు మాత్రం బెదరలేదు. బుడ్డోడు లేచి చేతులు జోడించాడు. "నమస్తే అమ్మమ్మా! రండి, కూర్చోండి."

మాస్టారు లేచి తన కుర్చీ జరిపాడు. ఒక పాప వాటర్ బాటిల్ మూత తీసింది. "మంచినీళ్ళు తాగండి. నడిచొచ్చారా? కాళ్ళు నొప్పెట్టాయా?"

ఎంతకాలమైందో ఆవిడతో ఎవరైనా అలా మాట్లాడి! లోపలికి పో, కదలకు, నోర్మూసుకో, ఇవే మాటలు. ఆవిడ నెమ్మదిగా కూర్చుని నీళ్ళు తాగింది.

"ఎవరు నేర్పార్రా మీకు ఇంత మర్యాద?"

"మా టీచర్!"

ఆవిడ టీచర్‌ని ఎగాదిగా చూసింది. "ఈ పిల్లా? మా ఇంట్లోనే ఉంటుంది." నేల మీద కూర్చున్న మాస్టారి వైపు తిరిగింది. "ఏం బాబూ, నీకు పెళ్ళయిందా?"

"లేదండీ."

"అయితే ఈ పిల్లని చేసుకో. నాకు రోజూ అన్నం తినిపిస్తుంది. కొట్టినా ఊరుకుంటుంది. ఎవరు కన్న బిడ్డో!"

"తను ఒప్పుకుంటే చేసుకుంటానండీ."

"తను ఒప్పుకుంటే సరిపోతుందా? వాళ్ళమ్మ ఒప్పుకోవద్దూ?" ఆవిడ గొంతు తగ్గించింది. "ఆ తల్లి ఎక్కడుందో ఏమో బాబూ. ఇలాంటి పిల్లని వదిలేసి ఎలా ఉంటుందో! ఒక్కసారైనా చూడ్డానికి రాదు."

టీచర్ ఇక ఆగలేకపోయింది. అమ్మ కాళ్ళ దగ్గర కూలబడి, ఒడిలో తల పెట్టుకుని భోరుమంది. పిల్లలు చూస్తున్నారన్న ధ్యాసే లేదు.

అమ్మ ఆమె తల నిమిరింది. "ఏడవకమ్మా, ఏడవకు. వస్తుందిలే మీ అమ్మ. అప్పటిదాకా నేనున్నాగా."

మాస్టారు కళ్ళు తుడుచుకున్నాడు. టీచర్ తలెత్తకుండానే అతనితో అంది:

"సాయంత్రం మా ఇంటికి రండి. అమ్మ మిమ్మల్ని గుర్తుపట్టదు. తిడుతుంది. అయినా రండి."