మూడో ట్రంపెట్

"అంటే మా మామయ్యని ఎరగా వేస్తున్నారన్నమాట!"

ఏజెంట్ నైన్ అరుపుకి గ్రీన్‌రూమ్ అద్దాలు అదిరాయి. చీఫ్ మాత్రం చేతిలో కాఫీ కప్పు కూడా కింద పెట్టలేదు.

"మెల్లగా. ఆయనే వస్తానన్నాడు. ఆరేళ్ళు ఫిల్మ్ ల్యాబ్‌లో కూర్చుని, ఒక్కో ఫ్రేమూ తుడిచి బతికించుకున్న మూకీ సినిమా. మొదటి ఆట చూడకుండా ఎలా ఉంటాడయ్యా?"

అదీ నిజమే. ఆ ల్యాబ్‌లోనే, రిపేరుకొచ్చిన పాత రీళ్ళ అతుకుల్లో మైక్రోఫిల్మ్ దాచి సరిహద్దు దాటిస్తున్న విదేశీ ముఠాని మామయ్య కళ్ళారా చూశాడు. వాళ్ళ మొహాలు గుర్తుపట్టగలిగింది ఆయనొక్కడే. రేపు కోర్టులో సాక్ష్యం. ఈ సాయంత్రం మాత్రం ముందు వరసలో సీటు.

"హంతకుడు బాల్కనీలో ఉంటాడు. నెమలి చెప్పింది. మనవాళ్ళందరం అక్కడే ఉంటాం. నువ్వు ఆర్కెస్ట్రాలో సింబల్స్, అదే ఆ ఇత్తడి పళ్ళేలు, వాయించు. ఇదిగో, గడ్డం అంటించుకో."

నెమలి అంటే ఆ సినిమాకి కొత్త సంగీతం రాసి, ఇప్పుడు బ్యాటన్ పట్టుకుని ఆర్కెస్ట్రాని నడిపించబోతున్న అందగత్తె. చీఫ్ లెక్కలో మన డబుల్ ఏజెంట్. పోయిన నెల ఆమె మాట నమ్మి వెళ్ళిన నైన్ పార్ట్‌నర్ శవమై తిరిగొచ్చాడు. "పొరపాటు" అని చీఫ్ ఫైలు మూసేశాడు. ఆ మాట తలచుకుంటే నైన్‌కి ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది.

సినిమా మొదలైంది. మామయ్య పసిపిల్లాడిలా నోరు తెరుచుకుని చూస్తున్నాడు. నైన్ కసికొద్దీ మోగిస్తున్న ఇత్తడి పళ్ళేల దెబ్బకి పక్కనున్న డ్రమ్మర్ కొరకొర చూశాడు.

చిన్నప్పుడు నైన్ ట్రంపెట్ నేర్చుకున్నాడు. ఊదేకొద్దీ ఊపిరి తడి గొట్టంలో నీరై చేరుతుంది. మధ్యమధ్య చిన్న మీట నొక్కి ఆ నీళ్ళు వదిలెయ్యాలి. ఇల్లంతా తడిపేస్తున్నాడని మామయ్య చేత ఎన్ని చివాట్లు తిన్నాడో! ఇప్పుడు తన ముందున్న ముగ్గురు ట్రంపెట్ వాళ్ళలో ఇద్దరి కాళ్ళ దగ్గర నేల తడిసింది. మూడోవాడి దగ్గర పొడిగా ఉంది. వాడి బుగ్గలు మాత్రం తెగ పొంగుతున్నాయి.

వాడు ఊదడం లేదు. గొట్టంలో ఇంకేదో ఉంది.

నైన్ కాలర్ మైక్‌లో గొణిగాడు. "సార్, వాడు బాల్కనీలో లేడు. మూడో ట్రంపెట్!"

"పిచ్చి వేషాలెయ్యకు. నెమలి సమాచారం పక్కా. నోరు మూసుకుని నీ పళ్ళేలు కొట్టుకో!"

అంతలో తెర నల్లబడింది.

సినిమాలో ఆ ఒక్క ముక్క ఎక్కడా దొరకలేదు. మామయ్య వెతకని చోటు లేదు. "పోయిన ఆ బొమ్మ కోసం అక్కడ ఒక నిమిషం మౌనంగా ఉందామండీ" అని నెమలి అన్నప్పుడు ఆయన కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు. ముసలాయన కన్నీళ్ళని కూడా హత్యకి వాడుకుందని నైన్‌కి ఇప్పుడర్థమైంది. పళ్ళేలు బిగించి పట్టుకున్నాడు.

బ్యాటన్ దిగింది. వాద్యాలన్నీ ఒళ్ళోకి దిగాయి. స్టాండ్ల మీది బుల్లి దీపాల వెలుగులో ఒక్క ట్రంపెట్ మాత్రం పైకి లేచింది, మామయ్య గుండెకి గురిగా. వాల్వు మీద వేలు బిగిసింది.

నైన్ ఒక్క దూకు దూకి ట్రంపెట్ మూతికి ఇత్తడి పళ్ళెం అడ్డం పెట్టాడు.

ఠంగ్!

విషపు సూది వంకరపోయి కింద పడింది. రెండో పళ్ళెం వాడి నెత్తిన మోగింది. నెమలి పక్క తలుపు వైపు పరిగెత్తబోయింది. నైన్ ఆమె మణికట్టు దొరకబుచ్చుకున్నాడు.

"వదులు! నేను మీ మనిషిని. మీ చీఫ్‌ని అడుగు!"

"ఆయన బాల్కనీలో బిజీగా ఉన్నారు" అంటూ బేడీలు బిగించాడు.

తెర మీద బొమ్మ మళ్ళీ వెలిగింది. మొదటి వయొలిన్ వాయించేవాడి సైగతో ఆర్కెస్ట్రా అందుకుంది. జనం ఇదంతా కొత్త సంగీతంలో భాగమే అనుకుని చప్పట్లు కొట్టారు.

ఆట అయ్యాక చీఫ్ రొప్పుకుంటూ వచ్చాడు. "అదీ... చిన్న పొరపాటు..."

"ఆ మాట ఇంకోసారి అన్నారంటే ఈ పళ్ళెం మీ నెత్తిన కూడా మోగుతుంది. నా పార్ట్‌నర్ ఫైలు మళ్ళీ తెరవండి."

చీఫ్ తలూపాడు. ఇంతలో మామయ్య చేతికర్ర నేలకేసి కొడుతూ ఊడిపడ్డాడు. మొహం కందగడ్డలా ఉంది.

"ముఠా సంగతి రేపు కోర్టులో నేను చూసుకుంటా. నా మౌనంలో పళ్ళెం మోగించిన దద్దమ్మ ఎవడు? వాణ్ణి పట్టుకున్నారా, లేదా?"

నైన్ గడ్డం పీకి జేబులో పెట్టుకున్నాడు.

"దొరికాడు మామయ్యా."