డ్రైవరు గారి తువ్వాలు

మొదటిరోజే నాకూ ఆయనకూ గొడవైంది.

“అది బ్రేకు కాదండీ. అంత గట్టిగా తొక్కితే మగ్గం మూలుగుతుంది,” అన్నాను.

“జన్మంతా బస్సు నడిపిన కాలు. చెప్పగానే వింటుందా, టీచరు గారూ?” అన్నారాయన.

రెండో తరగతిలో బడి మానేసిన నన్ను టీచరన్న మొదటి మనిషి ఆయనే.

ఊహ తెలిసినప్పటి నుంచీ నేత షెడ్డులోనే ఉన్నాను. ఒక చీరకు వేసిన అంచు ఇంకో చీరకు వేసి ఎరగను. వయసు మీదపడ్డాక షెడ్డువాళ్లు ఇక విశ్రాంతి తీసుకోమన్నారు. విశ్రాంతంటే గోడలతో మాట్లాడటమని ఇంటికొచ్చాక తెలిసింది. అందుకే ముందుగదిలో రెండు మగ్గాలు వేయించి, నేత నేర్పుతానని తలుపు మీద రాయించాను. నర్సింగు చదివే పక్కింటి పిల్ల వచ్చింది. ఆ తర్వాత వచ్చినవారు ఈ రిటైరైన డ్రైవరు గారు. ఆయన భార్య పోయి చాన్నాళ్లైంది. మా ఆయన పోయీ అంతే.

ఆయన మగ్గం మీద రోజూ సాయంత్రం ఏదో ఒక పోగు తెగేది. నేను వెళ్లి, బల్ల మీద పక్కన కూర్చుని ముడేసేదాన్ని. ఆ కాసేపూ కబుర్లే. తన పెళ్లికి వెళ్తూ బస్సులో నిద్రపోయి, చివరి స్టాపులో లేచిన పెళ్లికొడుకు కథకి నవ్వీ నవ్వీ ముడి వదిలేశాను.

తెగిన పోగు కొస పీచుపీచుగా ఉంటుంది. కోసిన పోగు కొస నున్నగా ఉంటుంది. ఆయన పోగులన్నీ నున్నగానే ఉండేవి. అడిగితే రావడం మానేస్తారేమోనని అడగలేదు.

పిల్ల ఊరుకుందా?

“తాతగారూ, జేబులో ఆ కత్తెరెందుకు? మామ్మ పక్కన కూర్చోవాలనుంటే నేరుగా చెప్పొచ్చుగా.”

“మీసం కత్తిరించుకోడానికమ్మా,” అన్నారాయన.

ఆయనకు మీసం లేదు. చెవులదాకా ఎర్రబడి లేచి వెళ్లిపోయారు.

మర్నాడు రాలేదు. ఆ మర్నాడూ రాలేదు. ఇంకో జానెడు నేస్తే అయిపోయే ఆయన తువ్వాలు మగ్గం మీదే ఉండిపోయింది. బయట ముసురు. ఖాళీ బల్లకేసి చూస్తూ కూర్చునేదాన్ని.

“నోరు జారాను మామ్మా. వెళ్లి పిలవరాదూ?” అంది పిల్ల.

“ఈ వయసులోనా? నలుగురూ ఏమనుకుంటారే?”

“ఆ నలుగురిలో ఒక్కరైనా మీ గడప తొక్కుతున్నారా?”

గొడుగు తీసుకుని బయల్దేరాను. సందు చివరే ఆయన గది.

తలుపు తీసి, నన్ను చూసి బిక్కచచ్చిపోయారు. “క్షమించండి టీచరు గారూ. మీ నూలు పాడుచేశాను.”

“నూలుదేముంది. నాకు ముందే తెలుసు.”

“తెలిసే ముడులు వేశారా?”

“సాయంత్రం ఎప్పుడవుతుందా అని చూసేది మీరొక్కరే అనుకున్నారా?”

ఆయన నన్ను లోపలికి రమ్మని కుర్చీ లాగారు. తర్వాత టీ పెట్టారు. ఆ గదిలో ఉన్నది ఒకే గ్లాసు. అది నాకిచ్చి, తాను గిన్నెలో పోసుకున్నారు.

“రేపు ఇంకో గ్లాసు కొంటాను,” అన్నారు తలొంచుకుని.

“ఎందుకూ దండగ. మా ఇంట్లో అరనిండా ఉన్నాయి. తాగేవాళ్లే లేరు.”

ఆయన గిన్నె కింద పెట్టి, చెప్పులు వెతుక్కోసాగారు.