పంపుహౌసు ఊపిరి

చీకటి పడ్డాక ఆ పాత పంపుహౌసు వైపు ఎవరూ వెళ్ళరు. పగలు మాత్రం చూడ్డానికి రెండు కళ్ళూ చాలవు. పోత ఇనుప స్తంభాలకి ఇనుప లతలు, లతలకి ఇనుప పూలు, కిటికీలకి రంగుటద్దాలు. ఊరికి నీళ్ళు తోడడానికి కట్టారో, ఎవరి పెళ్ళికైనా కట్టారో తెలియనంత సోకు. అందులోని ఆవిరి ఇంజన్లు ఆగిపోయి తరాలు దాటింది. అయినా సందె దాటితే నేలమాళిగలో ఏదో ఊపిరి తీస్తుందంటారు — బరువుగా, గురక పెట్టినట్టు...

చూసినవాళ్ళు లేరు. చెప్పేవాళ్ళకి కొదవ లేదు.

అందరికంటే బాగా చెప్పేది సూపరింటెండెంటు గారు. ఆ భవనం బాధ్యత ఆయనదే, వెనక గోడకి ఆనుకుని ఉన్న క్వార్టర్సూ ఆయనదే. జనం ప్రాణాల మీద ఆయనకి ఎంత మమకారమంటే, దెయ్యం ఉంది కాబట్టి సందర్శకులని ఆపేయాలని పైవాళ్ళకి కాగితం పంపాడు. వాళ్ళు సరేనన్నారు. సందర్శకులకి ఆ సాయంత్రమే ఆఖరు. భవనం చూపించే గైడమ్మాయి ఉద్యోగానికీ ఆ సాయంత్రమే ఆఖరు.

చివరగా వచ్చింది ఒకే కుటుంబం — అత్తగారు, మామగారు, కొత్తల్లుడు. వానలో చిక్కుకుని ఆలస్యంగా దిగారు. మామూలుగా అయితే ఆ వేళకి తలుపులు మూసేస్తారు. ఎలాగూ పోయే ఉద్యోగమే కదా అని గైడమ్మాయి లోపలికి రమ్మంది.

"ఈ పేటకి నీళ్ళొచ్చే పెద్ద పైపు ఇప్పటికీ ఈ నేలమాళిగలోంచే వెళ్తుందండీ."

"వెళ్తుందేమో గానీ మా ఇంటికి రాదమ్మా," అంది అత్తగారు. "మా కుళాయి తిప్పితే గాలి కొడుతోంది."

మెట్లు దిగారు. తడి ఇటుకల వాసన. సెల్‌ఫోను వెలుగులో ఇంజను చక్రం గోడంత నీడ వేసింది. అప్పుడు వినిపించింది —

ఘూ... ఘూ... ఘూ...

"దెయ్యాలూ లేవు, గియ్యాలూ లేవు అత్తయ్యా," అన్నాడు అల్లుడు.

"అయితే నా కొంగు వదులు బాబూ."

గైడమ్మాయి తన సెల్‌ఫోను ముందుకి పట్టింది. రేపటి నుంచి జీతం లేకుండా చేసింది దీని ఊపిరే. దాని మొహమైనా చూసి పోదామనుకుంది. ఒక్కో అడుగూ వేసుకుంటూ ఇంజను వెనక్కి వెళ్ళింది...

అక్కడ నీలం రంగు మోటారు ఉంది. వారంటీ స్టిక్కరు కూడా ఊడలేదు. దాని గొట్టం ఒక కొస పేటకి వెళ్ళే పెద్ద పైపులో దిగింది. రెండో కొస వెనక గోడలోకి పోయింది.

స్విచ్చి ఆపేసింది. ఊపిరి ఆగిపోయింది.

నిశ్శబ్దం. ఆ తర్వాత గోడ అవతల — తడి పాదాల చప్పుడు. చప్... చప్... మూల ఉన్న చిన్న తలుపు కిర్రుమంది.

తెల్లటి ఆకారం. కళ్ళు లేవు, ముక్కు లేదు. నెత్తి నుంచి మోకాళ్ళ దాకా తెలుపు, తెలుపు మీద తెలుపు. చేతులు చాపి తడుముకుంటూ వస్తోంది.

"మంట..." అని మూలిగింది. "ఎవడ్రా... మోటారు..."

ఆ గొంతు గైడమ్మాయికి తెలుసు. రేపటి నుంచి రావద్దని పొద్దున చెప్పిన గొంతే. నడుముకి తువ్వాలు, మిగతా ఒంటి నిండా సబ్బు నురగ.

మామగారు చప్పట్లు కొట్టాడు. "అద్భుతమండీ. చూపించడమంటే ఇలా చూపించాలి."

ఆకారం ఒక కన్ను తుడుచుకుని తెరిచింది. ముగ్గురు అపరిచితులు, ఒక సెల్‌ఫోను, పక్కనే మోటారు. గైడమ్మాయి ఆయన దగ్గరికి వెళ్ళి గుసగుసగా అడిగింది.

"మిమ్మల్ని వీళ్ళకి ఏమని పరిచయం చెయ్యమంటారు సార్?"

ఆయన ఆలోచించాడు. ఎంతోసేపు పట్టలేదు. రెండు చేతులూ పైకెత్తాడు.

"హూ..." అన్నాడు.

అల్లుడు అత్తగారి వెనక్కి చేరాడు. "రేపు కూడా ఉంటుందా అమ్మా ఇది?" అంది ఆవిడ. "మా వదినని తీసుకొస్తాను. ఊరికే అన్నిటికీ పెదవి విరుస్తుంది."

గైడమ్మాయి దెయ్యం వైపు చూసింది. దెయ్యం మెల్లగా తల ఊపింది. నురగ జారి నేల మీద పడింది.

"రోజూ ఉంటుందండీ."

కుటుంబం మెట్లెక్కి పోయింది.

"ఆ కాగితం రేపు పొద్దున్నే వెనక్కి తీసుకుంటాను," అంది దెయ్యం, కళ్ళు నులుముకుంటూ. "ముందు ఆ మోటారు వెయ్యమ్మా."

"కుళాయి దగ్గర ఎదురుచూడండి సార్," అంది గైడమ్మాయి, ఫోను వెలుగు మెట్ల వైపు తిప్పుతూ. "అందరికీ వచ్చినప్పుడు మీకూ వస్తాయి."