పెరట్లో ఇంగ్లీషు ఊరు

"ఆగు! ఆ కాలు కింద పెట్టొద్దు!"

నర్సింగ్ ఒంటికాలి మీద నిలబడిపోయాడు. భుజం మీద సిమెంటు బస్తా, చేతిలో తాపీ. ఎదురుగా చీపురు పట్టుకున్న ఒకామె.

"ఇప్పుడే కడిగినా. ఆ బురద బూట్లతో యాడికి పోతాండావ్?"

"మేడమ్ పిలిచింది. ఎగిరి పోనీకి నాకు రెక్కలు లెవ్వు."

"నోరు మాత్రం ఉండాదే!"

"ఉన్నది అక్కా. జర పక్కకు జరుగు."

"అక్కంట అక్క! నీ నెత్తి చూసుకో ముందు. సగం ముగ్గుపిండి చల్లినట్టుండాది."

ఆమె పేరు మల్లీశ్వరి. కడప మనిషి. పెళ్లయిన ఏడాదికే విడాకులై, గల్ఫ్‌కు వచ్చి అల్ ఖౌద్‌లోని ఆ ఇంట్లో వంటకు కుదిరింది. ఇల్లు మార్గరెట్ మేడమ్‌ది. యూనివర్సిటీలో ఏళ్ల తరబడి పాఠాలు చెప్పి, రిటైరయ్యాక ఇక్కడే ఉండిపోయిన ఇంగ్లీషు ముసలావిడ. మోకాళ్లు అరిగిపోయి విమానం ఎక్కలేకపోతోంది. ఊరికి తాను పోలేనప్పుడు ఊరే తన దగ్గరికి రావాలనుకుంది. ఆష్‌మియర్ అనే తన పల్లెను పెరట్లో కట్టించుకోవాలని కోరిక. మోకాలెత్తు చర్చి, మూరెడు వంతెన, కంచమంత చెరువు.

ఆ పనికి కంపెనీ నర్సింగ్‌ను వారానికొక రోజు పంపేది.

అతనిది జగిత్యాల దగ్గర పల్లె. భార్య లచ్చవ్వ పోయి ఆరేళ్లు. ఆమె కన్ను మూసినప్పుడు అతను ఇక్కడికి దూరంగా ఉండే షినాస్ సైట్‌లో ఉన్నాడు. సూపర్‌వైజర్ సెలవివ్వలేదు. ఊరు చేరేసరికి అంతా అయిపోయింది. ఆ మనిషిని అతను క్షమించలేదు. వచ్చిన దారినే తిరిగొచ్చాడు, మళ్లీ ఊరికి పోలేదు. నవ్వడమూ మానేశాడు.

మేడమ్ ఫొటోలు చూపిస్తూ ఇంగ్లీషులో చెప్పేది. మల్లీశ్వరి దాన్ని కడప తెలుగులోకి దించేది.

"ఇది చర్చి. ఎనిమిది వందల ఏండ్లదంట. గోపురం నలుపలకలుగా ఉండాల."

"పైన కొస లేదేంది?"

"పిడుగు పడిందంట. మళ్లా ఎవురూ కట్టలేదంట."

"కాంట్రాక్టర్ పారిపోయి ఉంటడు."

మల్లీశ్వరి పెదవులు బిగించి నవ్వు ఆపుకుంది.

"ఇది వంతెన. ఉన్ని మూటలు మోసుకోని గుర్రాలు దీని మీదనే పోతాండెనంట. బో ఇరుకు. ఇద్దరు ఎదురైతే ఒకరు వెనక్కి పోవాల."

"ఎవలు పోవాలె?"

"మొగోడు."

"అది మేడమ్ చెప్పిందా, నువ్వు చెప్తున్నవా?"

"మేడమే!"

మేడమ్ ఆ సమయానికి టీ తాగుతోంది. నోరు విప్పనేలేదు.

చర్చి లేచింది. చెరువులో నీళ్లు నిలిచాయి. యుద్ధానికి పోయి తిరిగిరాని పిల్లల పేర్లుండే రాయి కూడా నిలబడింది. వంతెన మాత్రం తెమలలేదు. ఒక వారం కట్టేవాడు, మరుసటి వారం వచ్చి కూలగొట్టేవాడు. ఈ పని ముగిస్తే కంపెనీ అతన్ని మళ్లీ షినాస్‌కు పంపేస్తుంది. ఆ సంగతి అతనికి తెలుసు. మల్లీశ్వరికీ తెలుసు.

"మళ్లా కూలగొట్టినావా? ఏమొచ్చింది దానికి?"

"వంపు మంచిగ లేదు."

"వంపు బాగుండాది. నీ బుద్ధే వంకర."

నర్సింగ్ పకపకా నవ్వాడు. ఆ నవ్వు విని తనే ఉలిక్కిపడ్డాడు.

చివరికి సమాధి రాళ్లు మిగిలాయి. వేలెడంత పలకలు. వాటిని తీసుకుపోయి వంతెనకు అవతల, ప్రహరీ పక్కన వరసగా పాతాడు. మేడమ్ కర్ర ఊతంతో వచ్చి చూసింది. ముఖం వాడిపోయింది. మల్లీశ్వరితో ఏదో మెల్లగా చెప్పింది.

"మేస్త్రీ, రాళ్లు తప్పు పెట్టినావంట. చర్చి చుట్టూ ఉండాల. ఫొటో చూడలేదా?"

"చూసిన. ఫొటోనే తప్పనుకున్న. గుడి పక్కన బొందలు ఎవలు పెడ్తరు? ఊరవతల, వాగు దాటినంక పెట్టాలె. పెట్టి, తానం జేసి, ఎనక్కి సూడకుంట రావాలె."

"వాటిల్లో ఒకటి మేడమ్ వాళ్లాయనది."

నర్సింగ్ చేతిలో తాపీ ఆగిపోయింది.

మేడమ్ ఇంకా చెబుతోంది. మల్లీశ్వరి గొంతు తగ్గించి తెలుగు చేసింది. "ఆదివారం చర్చికి పోయేటప్పుడు ఆ రాళ్ల నడుమనే నడుస్తారంట. పలకరించి పోతారంట. పెండ్లయిన జంట గూడా ఆ దోవనే బయటికొస్తారంట."

"పెండ్లి జంటనా? బొందల నడుమకెల్లి?"

"అవును. పోయినోళ్లు చూడందే అది పెండ్లెట్లయితాది అంటాంది."

నర్సింగ్ తాపీ పక్కన పెట్టి ప్రహరీ దగ్గరికి పోయాడు. గొంతుక్కూర్చుని ఒక్కొక్క రాయీ పెకలించాడు. మట్టి తుడిచాడు. అన్నీ తెచ్చి చర్చి చుట్టూ నాటాడు, మధ్యన నడవడానికి దారి వదిలాడు. మేడమ్ కష్టంగా వంగి ఒక రాయిని వేలితో తాకింది. "థాంక్యూ, నర్సింగ్," అంది. కళ్లద్దాలు తుడుచుకుంటూ లోపలికి పోయింది.

"ఇంక వచ్చేవారం రావు," అంది మల్లీశ్వరి.

"పని అయిపాయె."

"వంతెన?"

"మంచిగనే ఉన్నది. మొదటిసారి కట్టినప్పుడే మంచిగున్నది."

"మరెందుకు కూలగొడతాంటివి?"

"నీకోసం."

మల్లీశ్వరి వంతెన వైపు తిరిగి చూసింది.

"ఆరేండ్ల సంది ఊరికి పోలే," అన్నాడతను నేల చూస్తూ. "లచ్చవ్వను వాగవతల్నే ఇడిచిపెట్టి వచ్చిన. ఎనక్కి సూడలే. ఈ పెత్రమాసకు, పెద్దల అమాసకు పోత. ఆమె పేరు మీద బియ్యమిస్త. నువ్వు గూడ రా. ముందుగాల ఆమెకు చెప్పుదం, అటెన్క పెండ్లి. నీకిష్టమైతెనే."

మల్లీశ్వరి కొంగు చివర వేలికి చుట్టింది, విప్పింది.

"ఆమెకు ఏం కూర ఇష్టం?"

"ఎందుకు?"

"మొదటిసారి పోతాండాం. ఉత్త చేతులతో పోతామా?"

ఈ ఆరేళ్లలో లచ్చవ్వ ఎట్లా పోయిందని అడిగినవాళ్లే గానీ, ఆమెకు ఏది ఇష్టమని అడిగినవాళ్లు లేరు.

"గంగవాయిలి ఆకుకూర పప్పు," అన్నాడు నర్సింగ్. "పుల్లగ ఉండాలె. గిన్నె ఊడ్చి తినేది."

చెబుతుంటే నవ్వొచ్చింది, కన్నీళ్లూ వచ్చాయి. ఎన్నడూ చూడని ఆ ఇంగ్లీషు పల్లెకు, దాని గుడికి, గుడి చుట్టూ ఉన్న రాళ్లకు మనసులోనే దండం పెట్టుకున్నాడు.

"సరే," అంది మల్లీశ్వరి. "ఎంత పులుపో మాత్రం సరిగ్గా చెప్పాల. ఆమె దగ్గర నా పరువు పోగూడదు."