పసుపు బొట్లు పెట్టిన బొంబాయి పెట్టె

ఇటు దగ్గరకు జరగండి బిడ్డలారా, ఆ రేడియో గొంతు తగ్గించండి. బోధన్‌లో ఎడ్లు కుదిర్చిన పెళ్ళి సంగతి చెబుతాను.

డెబ్బై ఆరో సంవత్సరం. పెళ్ళి బ్యాండులో హార్మోనియం వాయించే రాజలింగుకు బొంబాయి నుంచి ఒక పాత సింథసైజర్ వచ్చింది. కరెంటుతో పాడే మీటల పెట్టె. పైన ఇరవై బుడిపెలు. ఒకటి తిప్పితే పిల్లనగ్రోవి, ఇంకొంచెం తిప్పితే ఈనిన బర్రె.

ఓ పొద్దున వాకిట్లో కూర్చుని తిప్పుతుంటే అచ్చం చక్కెర ఫ్యాక్టరీ కూత వచ్చింది. బయట రోడ్డు మీద చెరుకు బండ్లు వరుసగా ఆగి ఉన్నాయి. కూత పడగానే కదలడం ఎడ్లకు అలవాటు. అన్నీ ఒక్కసారే కదిలాయి. ముత్తన్న బండి కాలువలో పడింది.

ముత్తన్న చిన్నబిడ్డ సత్తవ్వ చెరుకుగడ పట్టుకొని లోపలికి వచ్చింది.

"ఏమయ్యా, ఫ్యాక్టరీ నీ ఇంట్లకెప్పుడొచ్చింది?"

"సన్నాయి కోసం దేవులాడుతున్న. దొరుకుతలేదు."

"దొరికేదాంక ఎన్ని బండ్లు పడగొడ్తవ్?"

"నువ్వొస్తనంటే రోజుకొకటి."

గడ లేచింది గాని దిగలేదు. ఆ తర్వాత బండి వెంట వచ్చినప్పుడల్లా సత్తవ్వ ఆ వాకిట్లో ఆగేది.

రాజలింగు వెళ్ళి పిల్లనడిగాడు. ముత్తన్న మీసం సవరించుకున్నాడు.

"మా పెద్దపిల్ల పెండ్లిల తాళి కట్టేదాంక గా పెట్టెతోని సన్నాయి వాయించు. నడుమ ఆగితే పిల్ల ముచ్చట మర్సిపో."

పెట్టెకు గొంతుంది గాని గుణం లేదు. రెండు మీటలు నొక్కితే ఒక్కటే పలుకుతుంది, రెండోది అలుగుతుంది. వేడెక్కితే శ్రుతి జారుతుంది. బుడిపె కదిలిందా, నిన్నటి గొంతు దానికి గుర్తుండదు. వారం రోజులు కష్టపడి సన్నాయి పట్టాడు. తీరా పెళ్ళి ముందురోజు అతని తల్లి హన్మవ్వ దుమ్ము తుడుస్తూ బుడిపెలన్నీ తిప్పేసింది.

తల పట్టుకున్న రాజలింగును చూసి, పెళ్ళి పిలుపుకొచ్చిన సత్తవ్వ నవ్వింది.

"మంచిగ సూడు."

ప్రతి బుడిపె పక్కనా, అది ఎక్కడ ఆగాలో అక్కడ, చిన్న పసుపు బొట్టు.

"సన్నాయి దొరికిననాడే పెట్టిన. దానికి యాదుండదంటివి గద."

"నీకెందుకంత ఫికర్?"

"బండి పడగొట్టినోన్ని ఊకె ఇడిసిపెడ్తనా?"

పెళ్ళినాడు పందిట్లో చోటు లేక, సామాన్లకని ఎడ్లు కట్టి ఉంచిన ముత్తన్న బండి మీద పెట్టె పెట్టి, ఇంట్లోంచి వైరు లాగారు. పెట్టె వేడెక్కకుండా సత్తవ్వ పక్కన కూర్చుని విసురుతోంది. సన్నాయి తేనెలా సాగింది. అయ్యగారి మంత్రాలు అంతకంటే సాగాయి. ఎండ ముదిరింది. రాజలింగు ముఖం చూస్తూ సత్తవ్వ విసరడం మరిచింది.

శ్రుతి జారింది. సన్నాయి ఫ్యాక్టరీ కూత అయింది. ఎడ్లు కదిలాయి.

వైరు ఊడింది, పెట్టె మూగబోయింది. ఇద్దరూ ఎంత ఆపబోయినా ఎడ్లు వినలేదు. నేరుగా వెళ్ళి, చెరుకు బండ్లు తూచే ఫ్యాక్టరీ కాటా దగ్గరే ఆగాయి.

"ఏం లోడు?" అన్నాడు కాటా భీమన్న, తల ఎత్తకుండానే.

"ఒక పెట్టె, ఒక పిలగాడు," అంది సత్తవ్వ.

"బరువెంత?"

"మోసినంక తెలుస్తది."

ముత్తన్న రొప్పుతూ వచ్చాడు. "నడుమ ఆగింది."

"తాళి పడ్డంకనే ఆగింది బాపు."

"నువ్వెట్ల సూసినవ్? నీ కండ్లు పందిట్ల లేకుండె."

సత్తవ్వ తల వంచుకుంది. ముత్తన్న ఆమెను చూశాడు, ఎడ్లను చూశాడు.

"గివే నా మాట ఇనలె. ఇగ నిన్నేం ఆపుత? గని నీ పెండ్లికి మాత్రం అసలు సన్నాయే పెట్టిస్త."

ఆ పెట్టె ఇప్పుడు పలకదు. పసుపు బొట్లు మాత్రం చెరిగిపోలేదు. దానికి ఏదీ గుర్తుండదు గనక మీరు గుర్తుంచుకోండి, మీ పిల్లలకూ చెప్పండి. చెప్పేటప్పుడు ఎడ్లను మాత్రం మరవకండి.