అడగకుండా పెట్టిన తారీఖు

హలో, వినిపిస్తోందా? అందరూ బాగున్నారా? చేతిలో పనుంటే చేసుకుంటూనే వినండి. ఒక దర్జీ ఇంటి కథ చెబుతాను.

ఆ ఇంటి ముందు గదిలో కుట్టు కొట్టు, వెనక రెండు గదుల్లో కాపురం. తొమ్మిదో నెల నిండుతున్న కోడలు ఆ ఉదయం కిటికీ పక్కన కూర్చుని చొక్కాలకు గుండీలు కుడుతోంది. మామగారు గోడమీది క్యాలెండర్లో పదో తారీఖు చుట్టూ నీలం సుద్దతో గుండ్రంగా గీశారు.

"డాక్టరమ్మతో మాట్లాడొచ్చానమ్మా. పదిన ఆపరేషన్. ఇరవై నుంచి స్కూలు యూనిఫారాలు వచ్చి పడతాయి. అప్పటికి నువ్వు ఇంటికొచ్చేస్తావు."

"నొప్పులెప్పుడొస్తాయా అని కొట్టు మూసుకుని కూర్చోలేంగా," అంది అత్తగారు టీ గ్లాసులు పెడుతూ. "నొప్పులు పడక్కర్లేదు, నీకు నయం. మాకు ఆ సుఖం కూడా లేదు."

మిషన్ తొక్కుతున్న భర్త తలెత్తలేదు. కోడలు "ఊఁ" అంది. సూది వేలిలో దిగింది. నొప్పి తెలియలేదు. తెల్ల చొక్కామీద ఎర్రటి చుక్క కనబడ్డాక గానీ ఆమె చూసుకోలేదు.

"అయ్యో, చొక్కా," అంది అత్తగారు.

కోడలు చొక్కా పక్కన పెట్టింది. గుండీల డబ్బా అడుగునుంచి మడతపెట్టిన కాగితం తీసింది. కాన్పప్పుడు తనకేం కావాలో ఆసుపత్రి నర్సమ్మని అడిగి రాసుకున్నది, నెలరోజులుగా అక్కడే ఉంది.

"బిడ్డ తల కిందికే ఉంది, బీపీ బాగుంది, ఇప్పటికైతే ఆపరేషన్ అవసరం లేదని మొన్న చూసి చెప్పింది నర్సమ్మ. రేపు అవసరం పడితే చేయించుకుంటాను, నాకేం పంతం లేదు. తారీఖు పెట్టేముందు నన్నెవరైనా అడిగారా?"

"నీ మంచికేగా," అన్నాడు భర్త.

ఆమె అతనివైపు చూడలేదు.

"మామయ్యా, కొట్టుకి ఎవరొచ్చినా సుద్దతో గీసి, ఒంటికి ఆనించి చూపించి, 'ఇంతేనా?' అని అడిగితే గానీ గుడ్డకి కత్తెర పెట్టరు మీరు. నా ఒంటికి కత్తి పెట్టడానికి మాత్రం స్కూలు వాళ్ల తారీఖు చూసుకున్నారు."

ఆమె గొంతు పెరగలేదు. అందుకే అందరికీ భయమేసింది. మిషన్ ఆగిపోయింది.

అత్తగారు గుడ్డల మూట మీద కూలబడింది. "వీడు పుట్టినప్పుడు నలుగురు నన్ను అదిమి పట్టుకున్నారు. ఏం చేస్తున్నారో ఎవరూ చెప్పలేదు. నేనూ అడగలేదు. అడగొచ్చని తెలీదు."

మామగారు గుడ్డముక్కతో క్యాలెండర్ మీద గీత తుడిచారు. పూర్తిగా పోలేదు. కళ్లజోడు పెట్టుకుని కాగితం కోసం చెయ్యి చాపారు.

"నొప్పులప్పుడు నన్ను నడవనివ్వాలి." చదివి తలెత్తారు. "ఇంతేనా?"

"ఊఁ."

"అత్తయ్య నా పక్కనుండాలి," తర్వాతి వరస చదివారాయన.

"నేనా?" అంది అత్తగారు.

"మీరే," అంది కోడలు.

అత్తగారు మొహం తిప్పుకుంది. భుజాలు కదులుతున్నాయి.

"కోత పెట్టాల్సొస్తే ఎందుకో చెప్పి, నన్నడగాలి. సంతకం నాదే." ఆయన కాగితం మడిచి ఆమె చేతికిచ్చారు. "రేపు డాక్టరమ్మతో నువ్వే మాట్లాడు, వెంట నేనొస్తా. ఇంతేనా అమ్మా?"

"ఇంతే మామయ్యా."

అప్పుడు మొదలైంది, సూది గుచ్చుకున్న వేలికి నొప్పి. ఆమె ఆ వేలు పట్టుకుని చిన్నపిల్లలా ఏడ్చింది.

ఇదండీ సంగతి. మీకు తెలిసిన ఇంట్లో నెలలు నిండిన పిల్ల ఉంటే, ముందు ఆ ఇంట్లో తారీఖులు పెట్టేవాళ్లకి ఈ కథ పంపండి.